గడ్డమ్మా, ఆవిడ మొగుడి బండ్లూ

గోల్ఫ్ క్లబ్బులో కొత్తగా చేరిన సభ్యులు ఆవిడ పేరు ముందే విని ఉంటారు కాబట్టి, మనిషి ఎదురుపడగానే గడ్డం వైపు చూస్తారు. అక్కడ ఏమీ ఉండదు. మైదానంలో గడ్డికంతటికీ అమ్మలాంటిదని పనివాళ్ళు పెట్టుకున్న పేరు అది. గడ్డి అమ్మ కాస్తా నోట్లో నలిగి గడ్డమ్మ అయింది. ఆవిడకి ఆ పేరు బొత్తిగా నచ్చలేదు. కానీ పెట్టిందెవరో తేలకపోవడంతో, అనుమానమున్న ప్రతి ఒక్కరికీ వరసగా గడ్డి పెట్టేసి ఊరుకుంది.

ఆ మైదానం ఎంత పెద్దదంటే, ఒక చివర వాన కురుస్తూ ఉంటే ఇంకో చివర పనివాళ్ళు గొట్టాలతో నీళ్ళు పెడుతూ ఉంటారు. అంత నేలా, నిమ్మకాయంత బంతిని గ్లాసంత గుంతలోకి తోయడానికి. ఈ ఆట మీద గడ్డమ్మకి ఏనాడూ గౌరవం లేదు. "పెద్దమనుషులు గోళీలాడితే నలుగురూ నవ్వుతారని నిలబడి ఆడే గోళీలాట కనిపెట్టారు" అనేది. ఆవిడ గౌరవమంతా గడ్డి మీదే.

ఆవిడ అక్కడికి కలుపు తీసే కూలీగా వచ్చింది. అప్పట్లో గడ్డి పనంతా చూసుకునే పెద్దాయన ఒకడుండేవాడు. చేతికర్ర, చిరాకు, ఈ రెండూ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఒకరోజు కూలీలంతా తుంగని పైపైన పీకి కుప్పలు పోస్తుంటే, ఈవిడ ఒక్కత్తీ ఒకే మొక్క దగ్గర బాసింపట్టు వేసుక్కూర్చుని స్క్రూడ్రైవరుతో నేల తవ్వుతూ కనబడింది.

"పొద్దుట్నుంచీ ఒక్క మొక్కేనా?" అన్నాడు పెద్దాయన.

"దీని గడ్డ కింద ఉందండీ. వాళ్ళు చేసేది కలుపు తీయడం కాదు, క్షవరం. వారంలో మళ్ళీ పెరుగుతుంది."

పెద్దాయన ఆ మాటకి నవ్వాడని, ఆయన నవ్వడం అదే మొదలూ ఆఖరూ అని చెప్పుకుంటారు. మర్నాటి నుంచి ఈవిడని వెంటేసుకుని తిరిగాడు. గడ్డి కోసే యంత్రం ఎలా నడపాలో, నీళ్ళు ఎప్పుడు మానాలో, గడ్డికి జబ్బు చేస్తే ఏ రంగుకి తిరుగుతుందో తిడుతూ తిడుతూనే నేర్పాడు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి రావడానికి ఎవరూ ముందుకు రాలేదు. సూర్యుడికన్నా ముందు లేవాలి, రోజంతా సభ్యుల తిట్లు పడాలి. గడ్డమ్మ వెళ్ళి కూర్చుంది. తిట్లు పడటానికి కాదు, తిట్టడానికి.

ఆవిడకి శత్రువులు ముగ్గురు. తుంగ ఒకటి. సభ్యుల బూట్లు రెండు. మూడోది, అన్నిటికన్నా నీచమైనది, గోల్ఫ్ బండి. నడవడం ఇష్టంలేని సభ్యుల్ని గుంత నుంచి గుంతకి మోసుకెళ్ళే బ్యాటరీ బండ్లు అవి. వాటికోసం సిమెంటు దారి ఉంది. ఆ దారి మీద నడిస్తే పేచీ లేదు. కానీ బంతి ఎక్కడ పడితే బండిని అక్కడికే తోలుకెళ్ళాలని సభ్యులకి ఉంటుంది. తడిసిన నేల మీద బండి వెళితే కింద మట్టి అణిగి రాయిలా గట్టిపడుతుంది, వేళ్ళకి ఊపిరాడదు. ఒకేచోట నాలుగు బండ్లు మలుపు తిరిగితే పైన గడ్డి చిరిగిపోతుంది.

అలాంటి ఒక తడి పొద్దున, తొమ్మిదో గుంత దగ్గర గడ్డి మీద అడ్డదిడ్డంగా వస్తున్న బండికి ఎదురెళ్ళి నిలబడింది. నడిపేవాడు కొత్త డ్రైవరు. బ్రేకు వేశాడు. ఆవిడ వంగి తాళం లాక్కుని జాకెట్లో దోపుకుని, మాటా పలుకూ లేకుండా నడిచి వెళ్ళిపోయింది. వెనక కూర్చున్న సభ్యుడు, ఈయన ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు, మిగతా ఆటంతా తన సంచి తనే మోసుకుని ఆడాల్సి వచ్చింది.

డ్రైవరు తాళం కోసం ఆవిడ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆవిడ ఇవ్వలేదు. రోజూ వచ్చేవాడు. వచ్చినవాడు ఊరికే నిలబడకుండా ఇసక బస్తా దింపేవాడు, గొట్టం పట్టుకునేవాడు. ఆఖరికి ఒకరోజు, "ఏమండీ, తాళం ఎలాగూ మీ దగ్గరే ఉండిపోయింది. బండిని కూడా ఉంచేసుకోండి" అన్నాడు.

"బండిని నేనేం చేసుకుంటాను?"

"అయితే డ్రైవర్నన్నా ఉంచుకోండి."

అలా పెళ్ళయింది. గడ్డిని కాపాడే మనిషి వెళ్ళి గడ్డిని తొక్కే మనిషినే కట్టుకుందని క్లబ్బంతా నవ్వుకుంది. మొగుడికి బండాయన అని పేరు పడిపోయింది. పెళ్ళిలో ఇద్దరూ ఎంత ముచ్చటగా ఉన్నారంటే, మర్నాడు మూడో గుంత దగ్గర వాళ్ళు పోట్లాడుకుంటుంటే చూసినవాళ్ళు నమ్మలేకపోయారు.

యంత్రాల షెడ్డు వెనక రెండు గదుల క్వార్టర్సులో కాపురం. ముందు గదిలో అత్తగారి మంచం, వెనక గదిలో వంట, సందులో ఇద్దరి బూట్లు. ఇంట్లో గడ్డమ్మ మొగుణ్ణి "ఏమండీ" అనే పిలిచేది. మైదానంలో కోపమొస్తే అదే పిలుపు "ఏం బండీ" అయ్యేది. ఆయన డ్యూటీలో ఆవిడని "మేడం" అనేవాడు, అందులో ఎంత వెటకారం కలపాలో అంత కలిపి. కాలక్రమాన ఆయన బండ్ల షెడ్డుకి ఇన్‌చార్జి అయ్యాడు. అదే ఏడు కొత్త బండ్లొచ్చాయి. పైన కప్పు, వెనక ఐసు పెట్టె, మొత్తంగా పాతవాటికన్నా బరువు. ఆ బండ్లని చూసి గడ్డమ్మ రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

"నా కోడలికి సవతి పోరు పట్టుకుంది. అదీ ఒక్క సవతి కాదు, షెడ్డు నిండా" అని అత్తగారు పక్కింటావిడతో అంది.

ఏడో గుంత సంగతి వానాకాలం వెళ్ళిపోతుండగా జరిగింది. పక్క ఊరి క్లబ్బుతో ఏటా ఒక పోటీ ఉంటుంది. ఈ క్లబ్బు చాలా ఏళ్ళుగా ఓడిపోతూ వస్తోంది. ఈసారి గెలిచి తీరాలని అధ్యక్షుడుగారు పంతం పట్టాడు. ఆయనకి మీసం పెద్దది, ఆట చిన్నది. సరిగ్గా పోటీ దగ్గరపడుతుండగా ఏడో గుంతకి వెళ్ళే దారి పక్కన, బంతులు ఎక్కువగా వచ్చి పడే మేరలో, గడ్డి అక్కడక్కడా పసుపు తిరిగి, ఆనక గోధుమరంగుకి మారింది.

గడ్డమ్మ వచ్చి చూసింది. సిమెంటు దారి పక్కనే ఉంది. ఇంకేం కావాలి?

"ఏం బండీ! ఇదేనా నువ్వు నా గడ్డికి చేసే మర్యాద?" అని అక్కణ్ణించే కేకేసింది.

బండాయన పరిగెత్తుకొచ్చాడు. "మా బండ్లు ఇటు రాలేదు మేడం. చక్రాల గీత ఎక్కడన్నా ఉందేమో చూపించు."

"వాన కొట్టేసి ఉంటుంది."

"వాన ఆగి ఎన్నాళ్ళయింది? నీకు నల్లమచ్చ కనబడ్డా నేనే, తెల్లమచ్చ కనబడ్డా నేనే."

"నీ మాట నమ్ముకుంటే ఇక్కడ ఇటుకబట్టీ పెట్టుకోవాలి!"

వాళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేసినా భగ్గుమనే రోజులు అంతకు ముందూ ఉన్నాయి. కానీ ఈసారి ఆవిడ ఇంట్లో తేల్చుకోవాల్సింది ఇంట్లో తేల్చుకోకుండా కమిటీ సమావేశానికి పట్టుకెళ్ళింది. అందరి ముందూ లేచి, బండ్లవాళ్ళకి అదుపు లేదనీ, ఇన్‌చార్జికి పట్టింపు లేదనీ, ఏడో గుంత నాశనమవడానికి కారణం అదేననీ చెప్పింది. ఇన్‌చార్జి అదే గదిలో, గోడవార, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

అధ్యక్షుడికి నిర్ణయాలు తీసుకోవడమంటే మహా ఇష్టం, వాటి గురించి ఆలోచించడమంటే అంత ఇష్టం ఉండదు. అక్కడికక్కడే బండ్లన్నీ ఆపేయించాడు. సభ్యులంతా నడిచి ఆడాలి. పర్యవేక్షణ కోసమని ఒక్క బండి మాత్రం ఉంటుంది, అందులో ఆయన ఉంటాడు. ఇన్‌చార్జిని ఆ పనిలోంచి తీసి ప్రాక్టీసు మైదానంలో బంతులేరే పనికి వేశాడు.

సభ్యులు గగ్గోలు పెట్టారు. అంతవరకూ ఎవరికీ లేని మోకాళ్ళ నొప్పులు అందరికీ ఒక్కసారే వచ్చాయి. పళ్ళ డాక్టరు అడిగినవాళ్ళకల్లా సర్టిఫికెట్లు రాసిచ్చాడు. పన్ను పోటు మూలంగా ఫలానావారు నడవలేని స్థితిలో ఉన్నారని ఒకదాంట్లో రాశాడట. అధ్యక్షుడు అన్నిటినీ చెత్తబుట్టలో వేయించాడు.

బంతులేరే పని గురించి ఒక మాట చెప్పాలి. ప్రాక్టీసు మైదానంలో సభ్యులు వరసగా నిలబడి బంతులు కొడుతూనే ఉంటారు, ఆ పడ్డ బంతుల్ని ఏరుకుంటూ ఒక బండి తిరుగుతూ ఉంటుంది. నడిపేవాడికి దెబ్బలు తగలకుండా చుట్టూ ఇనప జాలీ ఉంటుంది. జాలీ ఉంది కదా అని సభ్యులు బండికే గురిపెట్టి కొడతారు. గుంతకి గురిపెడితే ఎన్నడూ తగలని బంతి బండికి మాత్రం ఠంచనుగా తగులుతుంది. బండాయన రోజంతా ఆ పంజరంలో ఠంగు ఠంగుమనే మోత మధ్య కూర్చుని, ఇంటికొచ్చాక పెళ్ళాంతో మాట్లాడటం మానేశాడు. అరవలేదు, అలగలేదు, కంచం విసరలేదు. మాట్లాడలేదంతే. గడ్డమ్మకి అరుపులకి జవాబు తెలుసు, దీనికి తెలియదు.

మధ్యలో అత్తగారు నలిగిపోయింది.

"అత్తయ్యా, పొద్దున్నే మోటారు ఆపమని ఆయనకి చెప్పండి."

"ఒరేయ్, మోటారు ఆపమంటోందిరా."

"ఆపానని చెప్పమ్మా."

"నా కొంపలో నేనే టెలిఫోనునైపోయాను" అని ముసలావిడ మంచమెక్కింది.

ఇక్కడే గడ్డమ్మకి అసలు చిక్కు మొదలైంది. బండ్లు ఆగిపోయాయి, మచ్చలు ఆగలేదు. ఉన్నవి పెరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. నడిచేవాళ్ళ బూట్లే కారణమని తాడు కట్టించింది. ఫలించలేదు. మట్టి అణిగిపోయిందేమోనని యంత్రంతో సన్నటి బెజ్జాలు పొడిపించి, వాటిలో ఇసక పోయించి, నీళ్ళు పెట్టించింది. గడ్డి ఇంకా నీరసించింది. పైగా పొద్దున్నే కాకులూ గోరింకలూ దండు కట్టుకుని వచ్చి, ముక్కులతో ఆ మేరంతా పొడిచి పీకి పారేయడం మొదలుపెట్టాయి. పిట్టలు కూడా తన మీద పగబట్టాయనుకుని గడ్డమ్మ డబ్బా మోగించుకుంటూ వాటి వెంట పరిగెత్తేది. చూసేవాళ్ళకి అది కాలక్షేపంగా ఉండేది.

అంతకుముందు ఆవిడ మధ్యాహ్నం క్యారియరు బండాయన తెచ్చేవాడు. ఇప్పుడు తేవడం లేదు కాబట్టి ఒకరోజు అత్తగారే మంచం దిగి తెచ్చింది. అంత దూరం నడిచి రొప్పుతూ, ఏడో గుంత పక్కన గడ్డి మీద కూలబడబోయి, ఆసరాకి చెయ్యి ఆనించింది. చెయ్యి కింద గడ్డి జారింది. చాప జారినట్టు, ఆవిడ బరువుకి ఒక గడ్డి చెక్క మొత్తం ఊడి పక్కకొచ్చేసింది. ముసలావిడ వెల్లకిలా పడింది.

"ఏమే, నీ గడ్డికి వేళ్ళు లేవుటే!" అంది పడ్డచోటి నుంచే.

గడ్డమ్మ అత్తగార్ని లేపడం మర్చిపోయి ఆ చెక్కని లేపింది. కింద మట్టిలో, కొక్కేల్లా ముడుచుకుని, తెల్లగా బలిసి, గోధుమరంగు తలకాయలతో వేరుపురుగులు. ఒకటీ అరా కాదు, అరచేయి మేరలోనే గుప్పెడు. మొదటి వానలకి పెంకుపురుగులు వచ్చి మట్టిలో పెట్టిపోయిన గుడ్లు ఇవయ్యాయి. వానాకాలమంతా కింద కూర్చుని వేళ్ళు తింటున్నాయి. పిట్టలు వచ్చింది వీటికోసం. ఆవిడ డబ్బా మోగించి మరీ వాటిని తరిమింది.

మచ్చ కనబడితే ముందు కత్తితో కోసి, గడ్డి చెక్క లేపి కింద చూడటం అన్నిటికన్నా మొదటి పని. ఆ పని చేయని కూలీని ఆవిడ ఎన్నిసార్లు కడిగి పారేసిందో లెక్కలేదు. ఈసారి తనే చేయలేదు. మచ్చని చూడగానే ఆవిడకి మొగుడు కనబడ్డాడు, ఇక నేల వైపు చూడలేదు.

అత్తగారు లేచి చీర దులుపుకుంది. పురుగుల్నీ కోడలి మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇది బండి పని కాదన్నమాట."

"కాదత్తయ్యా."

"వాడితో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? నన్నయితే నాలుగు కలిపి చెప్తాను."

గడ్డమ్మ ఒక్క క్షణం వేరే ఆలోచన కూడా చేసింది. మందు కొట్టేస్తే పురుగులు పోతాయి, గడ్డి తిరిగొస్తుంది, బండ్లు ఆపడం వల్లే బాగుపడిందని కమిటీ చంకలు గుద్దుకుంటుంది. పురుగుకీ సేమియాకీ తేడా తెలిసినవాడు కమిటీలో ఒక్కడూ లేడు. కానీ ఆ ఆలోచన మొహంలో పూర్తిగా కనబడకముందే, అత్తగారు క్యారియరు మూత గట్టిగా బిగించి, "అన్నం తర్వాత తిందువుగానిలే" అంది.

ప్రాక్టీసు మైదానంలో సభ్యులు బంతులు బాదుతున్నారు. గడ్డమ్మ తాడు దాటి, నేరుగా మైదానం మధ్యలోకి నడిచింది. "ఆగండి! మనిషి!" అని ఎవరో అరిచారు. ఆగేటంత అదుపు వాళ్ళ కర్రలకి ఎక్కడిది? ఒక బంతి ఆవిడ చెవి పక్కనుంచి పోయింది. ఆవిడ వెళ్ళి జాలీ బండి తలుపు లాగి, మొగుడి పక్కన ఇరుక్కుని కూర్చుంది.

బండాయన ముందుకే చూస్తూ నడిపాడు. ఠంగుమని ఒక బంతి తగిలింది.

"వేరుపురుగు" అంది ఆవిడ.

ఠంగు.

"ఏడో గుంత. బండ్లు కాదు. పురుగులు. నేను చెక్క లేపి చూడలేదు."

ఠంగు, ఠంగు.

"వింటున్నారా?"

"ఈ మోతలో నాకు సరిగా వినబడదు" అన్నాడాయన, ఇన్నాళ్ళకి నోరు విప్పి. "ఇంకోసారి చెప్పు."

"తప్పు నాదండీ!" అని అరిచింది.

"నాకు చెప్పి ఏం లాభం? నన్ను నిలబెట్టింది నా ముందు కాదుగా, పదిమంది ముందు."

"అక్కడా చెప్తాను."

ఆయన బండి ఆపి ఆవిడ వైపు తిరిగాడు. అదే అదనని సభ్యులు గురి చూశారు. బండి కొలిమిలా మోగిపోయింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. కానీ ఆయన త్వరగానే నవ్వు ఆపేశాడు. పదిమంది ముందు తగిలిన దెబ్బ ఇంకా నొప్పిగానే ఉందని ఆవిడకి అర్థమైంది.

సాయంత్రం కమిటీ గదిలోకి గడ్డమ్మ ఒక పళ్ళెంతో వెళ్ళింది. టీ వచ్చిందనుకుని అధ్యక్షుడు కాగితాలు జరిపాడు. ఆవిడ పళ్ళెం దింపి గడ్డి చెక్కని తిరగేసింది. పురుగులు మెలికలు తిరిగాయి. అధ్యక్షుడు కుర్చీతో సహా గోడ దాకా వెళ్ళాడు.

"ఏడో గుంతని పాడుచేసింది ఇవి సార్. బండ్లని, బండ్ల ఇన్‌చార్జిని అన్నది నేను. చూడకుండా అన్నాను. తప్పు నాది. ఆయన్ని మళ్ళీ ఆ పనిలో వెయ్యండి."

అధ్యక్షుడు మీసం సవరించుకున్నాడు. "చూడమ్మా, నేనొక నిర్ణయం ప్రకటించాను. నెల తిరక్కుండా వెనక్కి తీసుకుంటే నా పరువేం కావాలి? పోటీ అయ్యాక ఆలోచిద్దాం."

తప్పు ఒప్పుకోవడమే కష్టమనుకుంది ఆవిడ. ఒప్పుకున్నాక కూడా పని జరగకపోవడం ఇంకా కష్టంగా ఉంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"సరే సార్. అయితే మందు కొట్టడం కూడా పోటీ అయ్యాకే."

"అదేంటి?"

"వేళ్ళు లేని గడ్డి మీద మందు కొట్టే ట్రాక్టరు వెళితే మొత్తం చుట్టుకుని వచ్చేస్తుంది. కొడితే తేలికపాటి బండ్లతో కొట్టాలి. అంటే మన గోల్ఫ్ బండ్లు, వెనక చిన్న ట్యాంకులు కట్టి. మలుపు తిప్పకుండా నేరుగా పోనిచ్చి నేరుగా తీసుకురావాలి. అలా నడపగలిగిన మనిషి మీ దగ్గర ఒక్కడే ఉన్నాడు. ఆయన ప్రస్తుతం పంజరంలో ఉన్నాడు."

పళ్ళెంలో ఒక పురుగు అంచు ఎక్కి అధ్యక్షుడి కాగితాల మీదికి దిగింది. అనుమతి వెంటనే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే, ఆట మొదలవకముందు, ఇన్నాళ్ళూ గడ్డి మీదికి రావద్దని తను తరిమిన బండ్లని గడ్డమ్మ తనే చెయ్యూపి పిలిచింది. బండాయన ముందు బండిలో ఉన్నాడు. చక్రాల్లో గాలి తగ్గించి, ఐసు పెట్టెలు పీకి, బరువంతా దింపి తెచ్చాడు. అది ఆవిడ చెప్పలేదు, ఆయనకే తోచింది. మందు పడ్డ వెంటనే గొట్టాలతో నీళ్ళు పెట్టి మందుని మట్టిలోకి దింపారు. పని సాగినంతసేపూ "కుడికి, కుడికి, నీ కుడి కాదు నా కుడి" అని ఆవిడా, "నీ కుడి నాకెప్పుడు ఎడమ కాలేదు?" అని ఆయనా అరుచుకుంటూనే ఉన్నారు. ఇద్దరూ నేరుగా మాట్లాడుకుంటున్నారని తెలిసి అత్తగారు టెలిఫోను పని మానేసింది.

పురుగులు అప్పటికే బాగా బలిసి ఉండటంతో మందుకి అన్నీ చావలేదు. మిగిలినవాటి సంగతి పిట్టలకే వదిలేశారు. చచ్చిన గడ్డిని కోసి తీసేసి, ప్రాక్టీసు మైదానం పక్కనుంచి కొత్త చెక్కలు తెచ్చి పరిచారు. కానీ పోటీనాటికి అవి నాటుకోలేదు. ఆ మేర చుట్టూ తెల్లగీత గీసి, మరమ్మతులో ఉంది అని పలక పెట్టారు. గోల్ఫ్ నియమం ప్రకారం, బంతి అలాంటి చోట పడితే ఆడేవాడు దాన్ని తీసి, నష్టం లేకుండా పక్కన మంచి గడ్డి మీద వేసుకోవచ్చు.

పోటీలో మిగతా గుంతలన్నిట్లో కలిపి లెక్కలు సమానంగా తేలాయి. ఏడో గుంత దగ్గర అధ్యక్షుడి బంతి, ఆయన ఏ వైపు చూశాడో దానికి పూర్తిగా వేరే వైపు పోయి, తెల్లగీత లోపల పడింది. ఎదుటి జట్టువాడి బంతి అందంగా వెళ్ళి, గీతకి బెత్తెడు అవతల పొదలో దిగబడింది. అధ్యక్షుడు తన బంతి తీసి పచ్చటి గడ్డి మీద పెట్టుకుని ఆ గుంత గెలిచాడు. ఆ ఒక్క గుంత తేడాతోనే క్లబ్బు పోటీ గెలిచింది.

విందులో అధ్యక్షుడు ఉపన్యాసం ఇచ్చాడు. తన దూరదృష్టి గురించీ, క్రమశిక్షణ గురించీ మాట్లాడాడు. పురుగుల ఊసెత్తలేదు. చివర్లో, ఈ విజయ సందర్భంగా సభ్యుల మోకాళ్ళని దృష్టిలో పెట్టుకుని బండ్లు తిరిగి నడుస్తాయనీ, పాత ఇన్‌చార్జే చూసుకుంటాడనీ ప్రకటించాడు. పళ్ళ డాక్టరు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. వెనక నిలబడ్డ గడ్డమ్మ మొగుడి చెవిలో, "మీ ఉద్యోగం నేను పోగొడితే పురుగులు ఇప్పించాయి" అంది.

"అవి నీకన్నా నయం" అన్నాడాయన. కానీ క్యారియరు మర్నాటి నుంచి మళ్ళీ ఆయనే తెచ్చాడు.

గడ్డమ్మ మారిపోయిందని చెప్పడానికి లేదు. నడుముకి ఇప్పుడు ఒక కత్తి వేలాడుతూ ఉంటుంది. ఎక్కడ మచ్చ కనబడినా ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెక్క లేపి చూస్తుంది, ఆ తర్వాతే అరుస్తుంది. మొన్న పద్నాలుగో గుంత దగ్గర అలాగే ఒక చెక్క లేపింది. వేళ్ళు బాగున్నాయి, మట్టి శుభ్రంగా ఉంది, పురుగు లేదు, పైన మాత్రం చక్రం తిప్పిన గుర్తు నిక్కచ్చిగా ఉంది. ఇంకోసారి చూసుకుంది. సందేహం లేదు, బండే. ఆవిడ మొహం వెలిగిపోయింది. మోకాళ్ళు దులుపుకుని లేచి, షెడ్డు దాకా వినబడేలా గొంతు సవరించుకుంది.

"ఏం బండీ!"